రాజీనామాకు ముందు

మా కళాశాల విద్యార్థి ఒకడు 2024లో తన తండ్రిగారు వ్రాసి ఇచ్చిన ఒక కాగితపు నకలును మాకు చూపినాడు. ఆయన ఒక కర్మాగారమున నాలుగేండ్లు పనిచేసి, క్షయవ్యాధి సోకగా పని విడిచినారు. "సొంత కారణములచేత రాజీనామా చేయుచున్నాను" అన్న ఒక్క వాక్యమే అందున్నది. ఆ వాక్యమును చెప్పి వ్రాయించినవాడు అచటి గుమాస్తా. జబ్బు మాట అందులో ఎక్కడనూ లేదు.

ఉర్దూ చదువుకొన్న మన విద్యార్థులకు ఈ మాట వింతగా తోచక మానదు. ఉద్యోగమును వదులుకొనుటను ఉర్దూలో 'ఇస్తీఫా' అందురు. 'రాజీనామా' యనగా సమ్మతిపత్రము, ఒడంబడిక. తెలుగులో అదే మాట ఉద్యోగత్యాగమునకు స్థిరపడినది. జబ్బుపడినవాడు దేనికి సమ్మతించి సంతకము చేయుచున్నాడో తెలిసికొనుట మంచిది కదా!

ఇ.ఎస్.ఐ. పథకము 1948 నాటి చట్టముతో ఏర్పడి, 1952లో కాన్పూరు, ఢిల్లీలలో మొదలైనది. 2017 నుండి నెలకు 21,000 రూపాయల వేతన పరిమితితో నడచిన ఈ పథకమున, ఆరు నెలల చందా కాలములో 78 దినములకు చందా చెల్లి ఉన్న కార్మికునికి, ఇ.ఎస్.ఐ. వైద్యుని ధ్రువపత్రముపై, సగటు దినవేతనములో నూటికి 70 వంతున ఏడాదికి 91 దినముల వరకు అనారోగ్య భృతి లభించును. దినవేతనము 600 రూపాయలైనచో రోజుకు 420, మొత్తము 38,220. క్షయ వంటి దీర్ఘవ్యాధులకు, రెండేండ్ల సర్వీసు మొదలగు నియమములు తీరినచో, నూటికి 80 వంతున రెండేండ్ల వరకు పొడిగించుటయు కలదు. భృతి పొందుచున్న కాలమున కార్మికుని తొలగించరాదని ఆ చట్టపు 73వ సెక్షను శాసించినది. అయితే చట్టము యజమాని చేతిని పట్టుకొనగలదు గాని, కార్మికుడు స్వహస్తముతో వ్రాసి ఇచ్చిన దానిని ఆపలేదు. కనుక ముందు సెలవు, తరువాత భృతి. రాజీనామా మాట అన్నిటికంటె చివర.

ఇక గ్రాట్యుటీ. ఏడాది సర్వీసుకు 15 దినముల వేతనము చొప్పున ఇచ్చు ఈ సొమ్ముకు ఐదేండ్ల సర్వీసు ఉండవలెనని అందరికీ తెలియును. మరణము గాని అశక్తత గాని సంభవించినచో ఆ ఐదేండ్ల నియమము వర్తించదని 1972 నాటి చట్టమే చెప్పినది. ఇది తెలిసినవారు అరుదు. అశక్తత యనగా మంచము పట్టుట కాదు. వ్యాధికి పూర్వము చేయగలిగిన పనిని ఇప్పుడు చేయలేకపోవుటయే చాలును. ఈ లెక్కన ఆయనకు 600ను 15తోను 4తోను హెచ్చించగా 36,000 రూపాయలు రావలెను. కాని ఆయన వ్రాసిన 'సొంత కారణములు' ఆయనపైననే సాక్ష్యము పలుకుచున్నవి! 2025 నవంబరు 21 నుండి ఈ చట్టముల స్థానమున సామాజిక భద్రతా స్మృతి అమలులోనికి వచ్చినది. ఐదేండ్ల నియమమునకు గల ఆ మినహాయింపు అందులోను నిలిచినది.

భవిష్యనిధి చందాదారుడు సర్వీసులో ఉండగా శాశ్వతముగా, సంపూర్ణముగా అశక్తుడైనచో 1995 నాటి పింఛను పథకమున పదేండ్ల సర్వీసు లేకున్నను, ఒక నెల చందాతోనే పింఛనుకు అర్హుడు.

ఈ చందాలేవియు లేని బీడీ కార్మికుడో రిక్షా సోదరుడో అయినచో దారి ఇరుకు. క్షయరోగికి చికిత్సాకాలమున పోషణకై కేంద్రమిచ్చు నెలకు 500 రూపాయలు 2024 నవంబరు నుండి 1,000 అయినవి. మన రెండు రాష్ట్రములలోను వికలాంగుల పింఛను కలదు గాని, దానికి వైకల్య ధ్రువపత్రము కావలెను. జబ్బు ఒక్కటే చాలదు.

ఆ తండ్రిగారి దవాఖానా చీటీలు పోయినవనుకొన్నాము. ఆయన భార్య వానినన్నిటిని తేదీల వరుసలో బియ్యపు డబ్బాలో దాచియుంచినారు. వ్యాధి నిర్ధారణ చీటీ తేదీ రాజీనామా తేదీకి పందొమ్మిది దినములు ముందున్నది. దానిని జతపరచి, పని విడుచుటకు వ్యాధియే కారణమని విన్నవించుచు 2025 ఆరంభమున కార్మికశాఖకు అర్జీ పంపించితిమి. అర్జీని కొడుకే తెలుగులో వ్రాసినాడు. మేము రెండు తప్పులు మాత్రమే దిద్దినాము. విచారణ ఇప్పటికి రెండు మారులు వాయిదా పడినది.