విప్పి కట్టిన నాట్యమండపము

కరీంనగరమునకు చేరువనున్న నగునూరులో కాకతీయులనాటి ఆలయ శిథిలములు కలవు. ఒకనాడు కప్పును మోసిన రాళ్లు కూలిన పిమ్మట మరల ఒక కప్పును మోయగలవా యను సందేహము వానిని చూచినవారికి కలుగక మానదు. ఆ సందేహమునకు సమాధానము హనుమకొండలో దొరకును.

అచ్చటి వేయిస్తంభముల గుడిని రుద్రదేవుడు 1163లో కట్టించెను. ఆలయమునకు ఎదుట నందియు, నందికి ఆవల విశాలమైన మండపమును కలవు. ఆ మండపమును కల్యాణమండపమనియు నాట్యమండపమనియు పిలుతురు. కాలక్రమమున దాని పునాది కుంగినది, స్తంభములు ఒరిగినవి. అందుచే 2006లో భారత పురావస్తుశాఖవారు దానిని విప్పిరి.

విప్పుట యను మాట ఇచ్చట అక్షరాల నిజము. ఆ రాళ్లను సున్నముతో అతుకలేదు. ఒకదానిపై నొకటిగా పేర్చిరి. పైనున్న దూలముల బరువే స్తంభములను కదలనీయక నిలుపును. సున్నముతో బిగించిన గోడను పడగొట్టినచో ఇటుకలు ముక్కలగును. పేర్చిన రాయిని దించినచో అది రాయిగానే మిగులును. అయితే ప్రతి రాయికిని తన చోటు ఒక్కటే. ఒక్క తీరుగ కనబడు రెండు స్తంభముల ఎత్తులో వ్రేలెడు భేదమున్నను దూలము సమముగ కూర్చుండదు. కావున దించుటకు ముందే రాళ్లకు అంకెలు వేయవలెను. అంకె చెరిగిన రాయి ఇల్లెరుగని బిడ్డవంటిది.

పునాది కథ మరింత వింత. కాకతీయ స్థపతులు గోతిని ఇసుకతో నింపి, దానిపై కట్టడమును లేపిరి. ఇసుకపై ఇల్లు నిలువదని లోకుల నమ్మకము. కాని నలువైపుల కట్టుదిట్టము చేసిన ఇసుక పక్కలకు జారలేక, మీది బరువును అంతటికి పంచును. ఆ కట్టు సడలినపుడే ముప్పు.

రాళ్లు ఏండ్ల తరబడి ఆవరణలోనే పడియుండగా ప్రజలు విసిగిరి. ఆ విసుగు న్యాయమైనదే. పదునెనిమిదేండ్లు చిన్న కాలము కాదు. తుదకు పునాదిని బలపరచి, పాతరాళ్లనే నిలిపి, పాడైన వాని స్థానమున మాత్రము క్రొత్తవానిని చెక్కించిరి. 2024 మార్చిలో మండపము మరల తెరవబడినది.

గ్రానైటు కొరకు కరీంనగర ప్రాంతపు గుట్టలు ఎట్లు తరిగిపోవుచున్నవో ఎరిగినవారికి ఈ పని విలువ వేరుగ చెప్పనక్కరలేదు. ఎనిమిది వందల యేండ్ల క్రిందట కొండనుండి తెచ్చిన రాళ్లలో అధికభాగము నేటికిని ఆ కప్పునే మోయుచున్నది.