క్షేత్ర ప్రయోగ దత్తాంశాల పరిరక్షణ: ఫోల్డర్ల సింక్‌లో పాటించవలసిన జాగ్రత్తలు

క్షేత్ర ప్రయోగంలో పోగొట్టుకున్న కొలతను తిరిగి పొందడం అసాధ్యం. ప్రయోగశాలలో విఫలమైన పరీక్షను మరునాడు మళ్లీ చేయవచ్చు. పూత దశలో తీసిన మొక్క ఎత్తును కోత తరువాత ఎవరూ కొలవలేరు. కనుక కంప్యూటర్‌లోని ఫోల్డర్లను, ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోని ఫోల్డర్లను ఒకే స్థితిలో ఉంచే సింక్ ప్రక్రియను పరిశోధన పద్ధతిలో భాగంగానే పరిగణించాలి.

సింక్ ప్రోగ్రాం సాధారణంగా రెండు వైపులా ఉన్న ఫైళ్ల పరిమాణాన్ని, చివరిగా మార్చిన సమయాన్ని పోల్చి, తేడా ఉన్నవాటిని మాత్రమే నకలు చేస్తుంది. 1996లో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మాకెరాస్ రూపొందించిన ఆర్‌సింక్, విండోస్‌తో పాటే లభించే రోబోకాపీ, ఉచితంగా దొరికే ఫ్రీఫైల్‌సింక్ ప్రాథమికంగా ఈ పోలికపైనే ఆధారపడతాయి. అయితే ఏ వైపు సమాచారం సరైనదో ప్రోగ్రాంకు తెలియదు. దానిని నిర్ణయించవలసినది పరిశోధకుడే.

విశాఖపట్నం సమీపంలోని ఆనందపురం మండలంలో ఒక రైతు పొలంలో వంగపై ఎనిమిది ట్రీట్‌మెంట్లు, మూడు పునరావృతాలతో 24 మడుల ప్రయోగం నిర్వహిస్తున్నామనుకుందాం. విద్యార్థి పొలం వద్ద ల్యాప్‌టాప్‌ను డిస్క్‌కు కలిపి, డిస్క్‌లోని ఫైలులోనే కోతల దిగుబడి నమోదు చేశాడు. అదే రోజు కార్యాలయంలో శాస్త్రవేత్త కంప్యూటర్‌లోని అదే ఫైలును సవరించారు. రెండు వైపులా మార్పులు జరిగినందున, కొత్త తేదీ ఉన్న ఫైలును గుడ్డిగా నిలిపితే రెండవవారి శ్రమ నశిస్తుంది. అందుచేత కంప్యూటర్‌లోని ఫోల్డర్‌ను మూలంగా, డిస్క్‌ను నకలుగా నిర్ణయించి ఏకదిశ పద్ధతిని పాటించడం మేలు. పొలంలో నమోదు చేసినది ఆ తేదీ పేరుతో వేరే ఫైలుగా రావాలి.

ఏకదిశ పద్ధతిలోనూ ప్రమాదం లేకపోలేదు. మూలంలో లేని ఫైళ్లను నకలు నుంచి తొలగించే ‘మిర్రర్’ విధానంలో మూలం, గమ్యం తారుమారైతే ఖాళీ డిస్క్ కంప్యూటర్‌లోని ఫోల్డర్‌ను కూడా ఖాళీ చేస్తుంది. కనుక ఏ ఫైళ్లు చేరతాయో, ఏవి తొలగిపోతాయో చూపే ముందస్తు జాబితాను చదివిన తరువాతనే ఆదేశం ఇవ్వాలి.

సింక్ వేరు, భద్రపరచడం వేరు. దత్తాంశ పట్టికలో దిగుబడి నిలువు వరుసను మాత్రమే పొరపాటున ఆరోహణ క్రమంలో అమర్చితే 24 అంకెలూ మిగులుతాయి. మొత్తం మారదు, సగటు మారదు. కానీ ఏ అంకె ఏ మడిదో చెరిగిపోతుంది. సింక్ ఆ తప్పును విశ్వాసంగా డిస్క్‌కు చేరవేస్తుంది. మార్చిన ఫైలు పాత ప్రతిని తేదీతో విడిగా దాచే ‘వెర్షనింగ్’ సౌకర్యం అందువల్ల తప్పనిసరి. ఫ్రీఫైల్‌సింక్‌లో ఇది ఉంది.

డిస్క్ ఫార్మాట్‌ను కూడా గమనించాలి. ఫ్యాట్32 డిస్క్‌పై 4 గిగాబైట్లు, అంతకు మించిన ఫైలు నిలవదు. పెద్ద డ్రోన్ చిత్రాలు అక్కడే ఆగిపోతాయి. ఫ్యాట్32 ఫైలు సవరణ సమయాన్ని రెండు సెకన్ల అంతరంతో నమోదు చేస్తుంది కాబట్టి, మారని ఫైళ్లు కూడా మారినట్లు కనిపించవచ్చు. విండోస్‌లో మాత్రమే వాడే డిస్క్‌కు ఎన్‌టీఎఫ్‌ఎస్, వేర్వేరు వ్యవస్థల మధ్య తిరిగే డిస్క్‌కు ఎక్స్‌ఫ్యాట్ అనుకూలం.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం వద్ద తీరం దాటినప్పుడు విద్యుత్తు, సమాచార వ్యవస్థలు రోజుల తరబడి స్తంభించాయి. ఒకే బల్లపై ఉన్న కంప్యూటరు, డిస్కు ఒకే వాననీటికి తడుస్తాయి. నిత్యం కలిపి ఉంచిన డిస్క్‌ను కంప్యూటర్‌కు సోకిన వైరస్ కూడా వదలదు. మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాలు, ఒక ప్రతి వేరే చోట అనే నియమం తీరప్రాంత పరిశోధకులకు ఎంతో అవసరం.

సింక్ ముగిసిన తరువాత డిస్క్‌ను ‘ఎజెక్ట్’ చేసి మాత్రమే తీయాలి. నెలకొకసారి డిస్క్‌లోని ఒక ఫైలును వేరే కంప్యూటర్‌లో తెరచి, క్షేత్ర పుస్తకంలోని కొన్ని మడుల అంకెలతో సరిచూడాలి. తెరచి చూడని నకలును నకలుగా లెక్కించరాదు.