సంఘ పరిచర్యలో స్త్రీల పాత్ర: జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంత పరిశీలన

లక్ష్యాలు

ఈ యూనిట్‌ను చదివిన తరువాత మీరు:
• 'పరిచర్య' అనే పదానికి గల రెండు అర్థాలను వేరుచేసి చెప్పగలుగుతారు.
• తెలుగు ప్రాంతాల్లో క్రైస్తవ సంఘాల వ్యాప్తిలో బైబిల్ స్త్రీలు నిర్వహించిన పాత్రను వివరించగలుగుతారు.
• బీడీ పని, మరమగ్గాలు, గల్ఫ్ వలసలు సంఘంలో స్త్రీల స్థానాన్ని ఎలా ప్రభావితం చేస్తాయో విశ్లేషించగలుగుతారు.
• అవసరం కొద్దీ లభించే అవకాశానికి, నియమం ప్రకారం లభించే హక్కుకు మధ్య తేడాను గుర్తించగలుగుతారు.

1. పరిచయం

ఏ మతసంస్థలోనైనా స్త్రీల స్థానాన్ని అధ్యయనం చేయాలంటే రెండు ప్రశ్నలు వేసుకోవాలి. మొదటిది: పని ఎవరు చేస్తున్నారు? రెండవది: నిర్ణయం ఎవరు తీసుకుంటున్నారు? ఈ రెండింటికీ జవాబు ఒకటే అయినప్పుడు సమస్య లేదు. జవాబులు వేరైనప్పుడు అందుకు కారణాలు వెతకాలి.

ఈ యూనిట్‌లో ఆ రెండు ప్రశ్నలను ఉత్తర తెలంగాణలోని జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాల నేపథ్యంలో పరిశీలిద్దాం. ఈ మూడూ పూర్వపు కరీంనగర్ జిల్లాలోనివి. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు జగిత్యాల, కోరుట్ల కొత్త జగిత్యాల జిల్లాలోకి, సిరిసిల్ల రాజన్న సిరిసిల్ల జిల్లాలోకి వచ్చాయి. ఇక్కడ క్రైస్తవులు అల్పసంఖ్యాకులు. వారిలో దక్షిణ ఇండియా సంఘానికి (సి.ఎస్.ఐ.) చెందినవారు, కతోలికులు, స్వతంత్ర సంఘాలవారు ఉన్నారు. సి.ఎస్.ఐ.లో ఈ ప్రాంతం 1978లో ఏర్పడిన కరీంనగర్ అధ్యక్ష మండలం పరిధిలోకి వస్తుంది.

2. 'పరిచర్య': ఒక మాట, రెండు అర్థాలు

తెలుగు క్రైస్తవులు నిత్యం వాడే మాట 'పరిచర్య'. దీనికి రెండు అర్థాలున్నాయి. ఒకటి సేవ: రోగిని చూడడం, మందిరం ఊడ్చి చాపలు పరచడం, ఇంటింటికీ వెళ్లి ప్రార్థన చేయడం, పిల్లలకు సండే స్కూలు నడపడం. రెండవది పదవి: వాక్యం బోధించే అధికారం, బాప్తిస్మం ఇవ్వడం, ప్రభు భోజన సంస్కారం జరపడం, సంఘాన్ని పాలించడం. 'ఆమె పరిచర్యలో ఉంది' అన్నప్పుడు చాలాసార్లు మొదటి అర్థమే స్ఫురిస్తుంది. 'ఆయన పరిచర్యలో ఉన్నాడు' అన్నప్పుడు రెండవది స్ఫురిస్తుంది. మాట ఒకటే, అది ఎవరిని గురించి అన్నదో దాన్ని బట్టి అర్థం మారుతోంది.

ఈ తేడా అనువాదంలోనూ కనిపిస్తుంది. రోమా పత్రిక 16వ అధ్యాయం మొదట్లో పౌలు ఫీబే అనే స్త్రీని పరిచయం చేస్తాడు. కెంక్రేయ సంఘంలో ఆమె బాధ్యతను చెప్పడానికి గ్రీకు మూలంలో వాడిన పదం 'డయాకొనోస్'. పౌలు తన గురించి, తోటి పురుష సేవకుల గురించి చెప్పేటప్పుడు కూడా ఇదే పదం వాడాడు. నేటి సంఘాల్లోని 'డీకన్' అనే పదవి పేరు దీనినుంచే వచ్చింది. అందువల్ల ఫీబే కేవలం సహాయకురాలా, బాధ్యత గల పదవిలో ఉన్న వ్యక్తా అనే చర్చ పండితుల మధ్య సాగుతూనే ఉంది.

3. లేఖన ఆధారాలు, భిన్న వ్యాఖ్యానాలు

స్త్రీల నాయకత్వాన్ని అంగీకరించనివారు ప్రధానంగా రెండు భాగాలను చూపుతారు. 1 కొరింథీయులకు 14:34 సభలో స్త్రీలు మౌనంగా ఉండాలంటుంది. 1 తిమోతికి 2:12 స్త్రీ బోధించడాన్ని, పురుషునిపై అధికారం చేయడాన్ని అనుమతించదు.

అంగీకరించేవారు కొత్త నిబంధనలోని ఇతర ఉదాహరణలను ముందుకు తెస్తారు. పునరుత్థాన వార్తను శిష్యులకు మొదట చేరవేసింది మగ్దలేనే మరియ. ఫిలిప్పీలో మొదటి విశ్వాసుల గుంపు చేరింది లూదియ ఇంట్లో. విద్వాంసుడైన అపొల్లోకు ప్రిస్కిల్ల, ఆమె భర్త అకుల కలిసి బోధించారు. అదే కొరింథు పత్రిక 11వ అధ్యాయంలో స్త్రీలు సభలో ప్రార్థించడం, ప్రవచించడం మామూలు విషయంగానే ప్రస్తావనకు వస్తుంది. కాబట్టి మౌనం గురించిన మాట ఆనాటి ఒకానొక సంఘంలోని పరిస్థితికి ఇచ్చిన సూచన అని, అన్ని కాలాలకూ వర్తించే నియమం కాదని వీరి వాదన.

ఏ వాక్యాన్ని నియమంగా, దేన్ని సందర్భంగా చూస్తున్నామన్నదే ఇక్కడ కీలకమని గమనించండి. ఆ ఎంపికను వాక్యం మాత్రమే కాక, చదివే సమాజపు అలవాట్లు కూడా నిర్ణయిస్తాయి.

4. చారిత్రక నేపథ్యం: గడప దాటినవారు

తెలుగు సంఘాల చరిత్రలో స్త్రీలు మొదటి నుంచీ ఉన్నారు. కోస్తాలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ కథ తరచుగా 1854 జనవరి 1న ఒంగోలు కొండపై జరిగిన ప్రార్థనతో మొదలవుతుంది. ఆ తెల్లవారుజామున అక్కడున్నది ఐదుగురు: మిషనరీ లైమన్ జూయెట్, ఆయన భార్య, నర్సు అనే బోధకుడు, జూలియా, రూతు అనే ఇద్దరు స్త్రీలు. అంటే ఐదుగురిలో ముగ్గురు స్త్రీలే. అయినా ఆ కొండ పేరు చెప్పగానే గుర్తుకు వచ్చేది జూయెట్ పేరే.

నిజాం రాజ్యంలో పరిస్థితి వేరు. ఇక్కడ వెస్లియన్ మెథడిస్టు మిషన్ 1880 ప్రాంతంలో విలియం బర్జెస్ ఆధ్వర్యంలో సికింద్రాబాద్‌లో పని ప్రారంభించి, ఆ దశకంలోనే కరీంనగర్, మెదక్ వైపు విస్తరించింది. ఎక్కువగా మాల, మాదిగ కుటుంబాలవారు ఈ సంఘాల్లో చేరారు. ఘోషా పాటించే ఇళ్లలోకి పురుష బోధకులకు ప్రవేశం లేదు. కూలికి పోయే కుటుంబాల్లోనూ పరాయి మగవాడు స్త్రీలతో కూర్చుని మాట్లాడడం కుదరదు. ఈ అవసరం నుంచే 'బైబిల్ స్త్రీలు' అనే వర్గం రూపుదిద్దుకుంది. వీరు స్థానిక తెలుగు స్త్రీలు. కొందరు వితంతువులు, కొందరు బోధకుల భార్యలు. ఇళ్లకు వెళ్లి వాక్యం చదివి వినిపించడం, పాటలు నేర్పడం, అక్షరాలు దిద్దించడం, బాలింతలను, రోగులను పరామర్శించడం వీరి పని. చాలా ఇళ్లలో స్త్రీ మొదటిసారి పుస్తకం పట్టుకున్నది వీరి చేతి మీదుగానే.

మెదక్, దోర్నకల్ వంటి కేంద్రాల్లో గ్రామ బోధకులకు శిక్షణ ఇచ్చేటప్పుడు వారి భార్యలకూ శిక్షణ ఇచ్చేవారు. గ్రామంలో పని ఇద్దరూ చేసేవారు; కాని నియామకం, జీతం సాధారణంగా భర్త పేరునే ఉండేవి. పాస్టరుగారి భార్యను 'అమ్మగారు' అని గౌరవిస్తూనే ఆమె శ్రమను లెక్కలోకి తీసుకోకపోవడం అనే అలవాటుకు మూలం ఇక్కడ కనిపిస్తుంది.

వైద్య పరిచర్యలో మాత్రం స్త్రీలకు స్పష్టమైన గుర్తింపు వచ్చింది. గుంటూరులో 1883లో పని మొదలుపెట్టిన డాక్టర్ అన్నా కుగ్లర్, నిజామాబాద్ దగ్గరి డిచ్‌పల్లిలో 1915లో కుష్ఠురోగుల చికిత్సాలయాన్ని భర్త జార్జ్ కెర్‌తో కలిసి నెలకొల్పిన డాక్టర్ ఇసబెల్ కెర్ ఇందుకు ఉదాహరణలు. అయితే వీరు వైద్య పట్టా ఉన్న విదేశీ స్త్రీలు. అదే కాలంలో ఎండలో ఊరూరా తిరిగిన తెలుగు బైబిల్ స్త్రీలలో చాలామంది పేర్లు కూడా మనకు మిగల్లేదు. కాబట్టి స్త్రీలందరికీ ఒకే రకమైన అనుభవం ఎదురుకాలేదు. కులం, చదువు, జాతి కూడా గుర్తింపును నిర్ణయించాయి.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
1. 'పరిచర్య' పదానికి గల రెండు అర్థాలేవి?
2. బైబిల్ స్త్రీల అవసరం ఎందుకు ఏర్పడింది?

5. పనిచేసే స్త్రీలు, వారు నిలబెట్టే సంఘం

ఇప్పుడు మన మూడు పట్టణాలకు వద్దాం. ఇక్కడి సంఘ జీవితాన్ని అర్థం చేసుకోవాలంటే ముందు ఇక్కడి ఇంటి ఆర్థిక స్థితిని చూడాలి.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో వేలాది స్త్రీలకు జీవనాధారం బీడీలు చుట్టడం. ఒళ్లో చాట పెట్టుకుని, తునికాకు కత్తిరించి, తంబాకు పోసి చుట్టే ఈ పనికి వెయ్యి బీడీల లెక్కన కూలి కడతారు. సిరిసిల్ల మరమగ్గాల పట్టణం. సాంచాలపై పురుషులు ఎక్కువగా పనిచేస్తే, కండెలు చుట్టడం వంటి అనుబంధ పనులు, ఇంట్లో బీడీలు స్త్రీల వంతు. మగ్గాలకు పని లేని కాలంలో ఇల్లు గడిచేది ఆ బీడీల కూలితోనే. ఇక జగిత్యాల, కోరుట్ల వైపు నుంచి దశాబ్దాలుగా పురుషులు దుబాయి, సౌదీ, కువైట్ వంటి దేశాలకు వలస వెళుతున్నారు. ఇంటి పెద్ద ఏళ్ల తరబడి ఊళ్లో ఉండడు. పిల్లల చదువు, అప్పుల లెక్క, పెళ్లి సంబంధాలు అన్నీ స్త్రీ చేతిమీదే నడుస్తాయి.

ఇటువంటి పరిస్థితుల ప్రభావం సంఘంపై పడుతుంది. ఇంట్లో జరిగే ప్రార్థన కూడికకు ఇల్లు ఇచ్చేది, ఇరుగుపొరుగును పిలిచేది, పాట ఎత్తుకునేది స్త్రీలు. కూడికల వేళలు కూడా వారి పని వేళలను బట్టే కుదరాలి. బీడీలు అప్పజెప్పే పొద్దున కూడిక పెడితే ఎవరూ రారు. సి.ఎస్.ఐ. సంఘాల్లో 'స్త్రీల మైత్రి' ఈ పనికి ఒక చట్రం ఇస్తుంది. తెలుగు సంఘాల్లో పాత అలవాటైన పిడికెడు బియ్యం కూడా గుర్తుచేసుకోదగినది. వంటకు బియ్యం పోసే ప్రతిసారీ ఒక పిడికెడు పక్కన పెట్టి, కూడిన తరువాత మందిరానికి ఇవ్వడం ఈ పద్ధతి. చేతిలో డబ్బు లేని స్త్రీ కూడా సంఘాన్ని పోషించగలదని ఇది చూపుతుంది. అయితే ఆ బియ్యాన్ని అమ్మగా వచ్చిన సొమ్మును ఎలా ఖర్చుపెట్టాలో నిర్ణయించే కమిటీలో ఆమెకు చోటు ఉందా అన్నది వేరే ప్రశ్న.

ఇక్కడే మన పరిచయంలోని రెండు ప్రశ్నలు విడిపోతాయి. మగవారు ఊళ్లో లేరు కాబట్టి స్త్రీ నడిపిస్తోంది. అది ఆమెకు లభించిన హక్కా, లేక తాత్కాలికంగా ఆమెపై పడిన భారమా?

6. అవసరం తెరిచిన తలుపు

ఈ ప్రశ్న మన ప్రాంతానికే పరిమితం కాదు. 1944లో చైనాలో యుద్ధం వల్ల మకావు విశ్వాసుల దగ్గరికి గురువులు వెళ్లలేకపోయారు. అప్పుడు ఆంగ్లికన్ బిషప్ ఆర్.ఓ. హాల్ ఫ్లోరెన్స్ లీ టిమ్-ఓయ్ అనే స్త్రీని గురువుగా అభిషేకించాడు. యుద్ధం ముగిశాక సంఘం నుంచి అభ్యంతరాలు రావడంతో 1946లో ఆమె గురువుగా పనిచేయడం మానుకోవలసి వచ్చింది. అవసరం తలుపు తెరిచింది. అవసరం తీరగానే తలుపు మూసుకుంది. నియమంగా మారని అవకాశం ఎంత బలహీనమో ఈ ఉదాహరణ తెలుపుతుంది.

నియమాల విషయంలో వివిధ సంఘాల వైఖరి ఇలా ఉంది. కతోలిక సంఘంలో గురుత్వం పురుషులకే పరిమితం; 1994లో పోప్ రెండవ జాన్ పాల్ దీన్ని మళ్లీ ధ్రువీకరించాడు. అయితే 2021లో పోప్ ఫ్రాన్సిస్ ఆరాధనలో వాక్య పఠనం చేసేవారి, బలిపీఠ సేవకుల బాధ్యతలను స్త్రీలకు అధికారికంగా తెరిచాడు. స్వతంత్ర సంఘాల్లో ఒకే విధానం లేదు. కొన్నిచోట్ల పాస్టరమ్మలే వాక్యం చెబుతారు, కొన్నిచోట్ల స్త్రీ వేదిక ఎక్కడానికే ఒప్పుకోరు. 1947 సెప్టెంబరు 27న ఏర్పడిన సి.ఎస్.ఐ.లో స్త్రీలు డీకన్‌గా, గురువుగా, బిషప్‌గా కూడా కావచ్చు. 2013 సెప్టెంబరులో ఎగ్గోని పుష్పలలిత నంద్యాల బిషప్‌గా అభిషేకం పొందారు. సి.ఎస్.ఐ.లో ఆమే మొదటి స్త్రీ బిషప్. ఇంగ్లండు సంఘంలో మొదటి స్త్రీ బిషప్ లిబ్బీ లేన్ అభిషేకం జరిగింది 2015 జనవరిలో. అంటే ఈ విషయంలో ఒక తెలుగు స్త్రీ ఇంగ్లండు కంటే ముందే ఉన్నారు.

అయితే నియమం ఉన్నంత మాత్రాన ఆచరణ దానంతట అది రాదు. స్త్రీ గురువును ఒక చిన్న పట్టణానికి పంపినప్పుడు కొన్ని ఆచరణాత్మక ప్రశ్నలు వస్తాయి. ఆమె భర్త ఉద్యోగం వేరే ఊళ్లో ఉంటే బదిలీ ఎలా? ప్రసూతి సెలవులో సంఘాన్ని ఎవరు చూస్తారు? రాత్రివేళ మరణ వార్త వస్తే పక్క గ్రామానికి ఎలా వెళ్లాలి? నెలసరిని మైలగా చూసే అలవాటు ఉన్నచోట ఆమె సంస్కారం ఇవ్వడాన్ని అందరూ అంగీకరిస్తారా? ఇవి వేదాంత ప్రశ్నలు కావు. కాని అభిషేకం కాగితంపై మిగిలిపోతుందా, బల్ల దగ్గరికి చేరుతుందా అన్నది వీటి పరిష్కారంపైనే ఆధారపడుతుంది.

గుర్తింపును కొలవడానికి మూడు ప్రమాణాలు తీసుకోవచ్చు: (1) నియామక పత్రం ఆమె పేరున ఉందా? (2) చేసిన పనికి జీతమో గౌరవ వేతనమో ఆమెకు నేరుగా అందుతోందా? (3) డబ్బు, ఆస్తి, నియామకాలపై నిర్ణయించే కమిటీలో ఆమెకు ఓటు ఉందా? ఈ మూడింటిలో ఏదీ లేనప్పుడు ఆమెకు దక్కేది పొగడ్త మాత్రమే. దాన్ని గుర్తింపుగా లెక్కించలేం.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
1. ఫ్లోరెన్స్ లీ టిమ్-ఓయ్ అనుభవం నుంచి మనం గ్రహించేది ఏమిటి?
2. గుర్తింపును కొలిచే మూడు ప్రమాణాలను పేర్కొనండి.

7. సారాంశం

తెలుగు క్రైస్తవ సంఘాల్లో స్త్రీల సేవ కొత్తది కాదు. ఘోషా ఉన్న కాలంలో బైబిల్ స్త్రీల రూపంలో, గల్ఫ్ వలసల కాలంలో కూడికలు నడిపే బీడీ కార్మికుల రూపంలో అది కొనసాగుతోంది. రెండు సందర్భాల్లోనూ పురుషుడు వెళ్లలేని లేదా లేని చోటులో స్త్రీకి అవకాశం దొరికింది. ఆ అవకాశం పదవిగా, జీతంగా, ఓటుగా మారినప్పుడే 'పరిచర్య' అనే మాటకు స్త్రీ విషయంలోనూ రెండు అర్థాలు వర్తిస్తాయి. నంద్యాలలో 2013లో ఆ మార్పు అత్యున్నత స్థాయిలో జరిగింది. చిన్న పట్టణాల సంఘాల్లో అది ఎంతవరకు వచ్చిందన్నది మీరు స్వయంగా పరిశీలించవలసిన విషయం.

8. కార్యాచరణ

మీకు దగ్గరలోని ఏదైనా ఒక ప్రార్థనా మందిరాన్ని, అది ఏ మతానిదైనా సరే, అనుమతి తీసుకుని సందర్శించండి. అక్కడ ఒక వారంలో జరిగే పనులన్నింటినీ ఒక పట్టికగా రాయండి. ప్రతి పనికీ ఎదురుగా దాన్ని ఎవరు చేస్తారో, దానిపై ఎవరు నిర్ణయిస్తారో, ప్రతిఫలం ఉందో లేదో నమోదు చేయండి. వ్యక్తుల పేర్లు రాయవద్దు.

9. మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. తెలుగు ప్రాంతాల సంఘాల వ్యాప్తిలో బైబిల్ స్త్రీల పాత్రను చర్చించండి.
2. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతపు ఆర్థిక జీవనానికి, సంఘంలో స్త్రీల పాత్రకు గల సంబంధాన్ని విశ్లేషించండి.

II. ఈ కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ఫీబే విషయంలో పండితుల చర్చ దేని గురించి?
2. పిడికెడు బియ్యం పద్ధతి ప్రాముఖ్యాన్ని తెలపండి.
3. నియమానికి, ఆచరణకు మధ్య ఉన్న దూరాన్ని ఉదాహరణలతో వివరించండి.