ఇరుసు కుదిరితేనే ‘జడ్’ పరుగు

అర్ధ శతాబ్దం దాటిన జపాన్ స్పోర్ట్స్ కారుకు మరమ్మతులు ఇలా..
రెండు వెంట్రుకల మందం తేడా వచ్చినా మూలుగు తప్పదు

అది 1973వ సంవత్సరం. తూర్పు ఆఫ్రికాలోని బురద దారుల్లో జరిగిన సఫారీ ర్యాలీ చివరికి ఇద్దరు పోటీదారులు సరిసమానమైన పెనాల్టీ పాయింట్లతో నిలిచారు. ఎవరు ఎక్కువ దూరం పెనాల్టీ లేకుండా వచ్చారో లెక్క తీయగా విజయం శేఖర్ మెహతాను వరించింది. ఉగాండాలో పుట్టిన భారత సంతతి వ్యక్తి ఆయన. ఆనాడు ఆయన నడిపిన కారు డాట్సన్ 240 జడ్. గుంతలు, రాళ్లు, నీటి మడుగుల మీదుగా ఆ బండిని గమ్యం చేర్చింది ఇంజిన్ ఒక్కటే కాదు. ఇంజిన్ శక్తిని వెనుక చక్రాల దాకా మోసుకుపోయిన గేర్‌బాక్సు, షాఫ్టు, ఇరుసులకూ అందులో భాగముంది. ఇప్పుడు ఆ పాత కార్లను బాగు చేయించుకొనేవారు అన్నిటికన్నా ఆలస్యంగా తలచుకొనేది మాత్రం ఈ భాగాలనే.

జపాన్‌లో నిస్సాన్ సంస్థ 1969 అక్టోబరులో ‘ఫెయిర్‌లేడీ జడ్’ పేరిట ఈ కారును ప్రవేశపెట్టింది. అమెరికాలో నిస్సాన్ వ్యాపారాన్ని నడిపిన యుటాకా కతాయామాకు ఆ పేరు రుచించలేదు. అక్కడ 240 జడ్ అనే పేరుతోనే విక్రయించారు. (ఆయన 2015లో 105 ఏళ్ల వయసులో కన్నుమూశారు.) ఆరు సిలిండర్లు, 2,393 సీసీ సామర్థ్యంతో ఎల్24 ఇంజిన్, నాలుగు చక్రాలకూ విడివిడి సస్పెన్షన్, ధర 3,526 డాలర్లు. అంత తక్కువ ధరకు అలాంటి బండి ఐరోపా కంపెనీల వద్ద దొరకని రోజులవి. 1978 వరకు సాగిన తొలి తరం జడ్ కార్లు 5 లక్షలకు పైగా అమ్ముడుపోయాయి.

వాటిలో చాలావరకు తుప్పుకు ఆహుతయ్యాయి. మిగిలిన వాటి విలువ ఎంతగా పెరిగిందంటే, పెద్దగా తిరగని, అసలు రూపం చెడని 1971 నాటి ఒక 240 జడ్ 2020 జనవరిలో అమెరికాలో జరిగిన ఆన్‌లైన్ వేలంలో 3,10,000 డాలర్లు పలికింది. ఈ ధరలు చూసిన యజమానులు అటకెక్కిన బళ్లను కిందికి దించుతున్నారు. ముందుగా రంగు, తర్వాత సీట్లు, ఆపై ఇంజిన్. డబ్బు అయిపోయే వేళకు గేర్‌బాక్సు, ఇరుసులు గుర్తుకొస్తాయి. ఇది తలకిందుల పద్ధతి అనక తప్పదు. రంగు పోతే మళ్లీ వేయవచ్చు. అరిగిన పళ్లచక్రం ఒక్కసారి విరిగితే ఆ బండితోపాటు పుట్టిన జత ఇక దొరకదు.

చెవితోనే సగం వైద్యం

శక్తి ప్రయాణం తెలిస్తే రోగం పట్టడం సులువు. ఇంజిన్ తిప్పే ఫ్లైవీల్‌ను క్లచ్ ప్లేటు పట్టుకుంటుంది. అక్కడి నుంచి గేర్‌బాక్సు, దాని వెనుక పొడవాటి ప్రొపెల్లర్ షాఫ్టు, చివర డిఫరెన్షియల్. డిఫరెన్షియల్ నుంచి ఎడమకొకటి, కుడికొకటి చొప్పున రెండు అర ఇరుసులు చక్రాలను తిప్పుతాయి. విజయవాడ ఆటోనగర్‌లో లారీ హౌసింగు విప్పగా చూసినవారికి ఇందులో కొత్తేమీ లేదు. తేడా అల్లా లారీలో ఇరుసు, హౌసింగు ఒకే దుంగలా కలిసి కదులుతాయి. జడ్‌లో డిఫరెన్షియల్ బాడీకి బిగించి ఉంటుంది. చక్రాలు వేటికవే పైకీ కిందికీ ఊగుతాయి. అందుకే ఇరుసులకు కీళ్లు అవసరమయ్యాయి. అరుగుదల అంతా ఆ కీళ్లలోనే.

పానా పట్టుకొనే ముందు బండిని నడిపి వినాలి. న్యూట్రల్‌లో క్లచ్ వదిలినప్పుడు గరగర వినిపించి, తొక్కగానే ఆగిపోతే గేర్‌బాక్సు ముందు బేరింగును అనుమానించాలి. అన్ని గేర్లలో ఉన్న రొద నాలుగో గేరులో తగ్గితే కింది షాఫ్టు బేరింగులు అరిగినట్లు. ఎందుకంటే నాలుగు గేర్ల బాక్సులో నాలుగోది నేరు గేరు. ఇంజిన్ వేగమే సూటిగా వెనక్కి వెళ్తుంది, కింది షాఫ్టుపై భారం పడదు. యాక్సిలరేటర్ నొక్కినప్పుడో, వదిలినప్పుడో మాత్రమే సన్నని ఏడుపు వినిపిస్తే అది క్రౌను, పినియన్ల మొర. బండి కదిలే క్షణాన ‘టక్’మని కొడితే గాభరా పడనక్కరలేదు. తరచుగా అది డిఫరెన్షియల్ ముక్కు కింద చిరిగిపోయిన రబ్బరు దిమ్మ పనే. అయిదు దశాబ్దాల రబ్బరు మరి.

క్లచ్ దగ్గర మొదటి చిక్కు

క్లచ్ ప్లేటు వ్యాసం 225 మిల్లీమీటర్లు. కొత్తది వేయడం పెద్ద పని కాదు. అసలు చిక్కు రిలీజ్ బేరింగును మోసే కాలరు వద్ద ఉంది. తర్వాతి మోడళ్లకు వేర్వేరు ఎత్తు గల ప్రెషర్ ప్లేట్లు వాడారు. వాటికి తగినట్లు కాలర్ల పొడవూ మారింది. చూడటానికి అన్నీ ఒకేలా ఉంటాయి. పాత కాలరు, మరో మోడల్ ప్రెషర్ ప్లేటు కలిపి బిగిస్తే పెడల్ అడుగంటా తొక్కినా క్లచ్ వదలదు, లేదా ఎప్పటికీ పూర్తిగా పట్టదు. ఆ సంగతి గేర్‌బాక్సు మొత్తం ఎక్కించాక గాని బయటపడదు. మళ్లీ దింపుడే. పాత కాలరు, పాత ప్లేటు పారేయక ముందే కొత్తవాటి పక్కన పెట్టి కొలుచుకోవడం ఒక్కటే మార్గం.

క్రాంక్‌షాఫ్టు చివర చిన్న పైలట్ బుష్ ఒకటి ఉంటుంది. అరచేతిలో దాచుకొనేంత వస్తువు. అది అరిగితే గేర్‌బాక్సు ముందు షాఫ్టు వణుకుతుంది. లోపలికి గ్రీజు కూరి, బిగుతుగా సరిపోయే కడ్డీతో కొడితే గ్రీజు ఒత్తిడికి బుష్ దానంతటదే బయటికొస్తుంది. పాతకాలపు మెకానిక్‌ల చిట్కా ఇది.

ఇత్తడి ఉంగరాలకు ఏ నూనె?

గేర్‌బాక్సు విప్పేటప్పుడు గేర్లను నిలిపి ఉంచే చిన్న గుండ్లు, స్ప్రింగులు చివుక్కున ఎగిరి షెడ్డు మూలకు పోతాయి. పైన గుడ్డ కప్పి విప్పడం మంచిది. లోపల ముందుగా పరీక్షించవలసినవి సింక్రో రింగులు. రెండు గేర్ల వేగాలను సమం చేసే ఇత్తడి ఉంగరాలివి. రింగును గేరు శంకువుపై అదిమి పట్టి మధ్య సందును ఫీలర్ గేజ్‌తో కొలుస్తారు. కొత్త రింగుకు మిల్లీమీటరు పైచిలుకు సందు ఉంటుంది. అరిగేకొద్దీ రింగు లోపలికి కూరుకుపోయి సందు తగ్గుతుంది. రెండో గేరు వేసేటప్పుడు కర్రుమంటే సాధారణంగా కారణం ఇదే.

నూనె విషయంలో పొరపాట్లు ఎక్కువ. గేర్ నూనెల్లో జీఎల్-4, జీఎల్-5 అని రెండు తరగతులున్నాయి. అంకె పెద్దదైతే నాణ్యత ఎక్కువనుకొని అంతటా జీఎల్-5 పోసేవారున్నారు. అందులో భారీ ఒత్తిడిని తట్టుకొనే గంధకం, భాస్వరం రసాయనాల మోతాదు ఎక్కువ. డిఫరెన్షియల్‌లో ఒకదానిపై ఒకటి రాసుకుంటూ తిరిగే హైపాయిడ్ పళ్లకు అది ప్రాణాధారం. అదే నూనె ఇత్తడి రింగులకు పడదు. పైగా రింగు పట్టు చూపడానికి కావలసిన రాపిడిని కూడా తగ్గిస్తుంది. కాబట్టి గేర్‌బాక్సుకు జీఎల్-4, డిఫరెన్షియల్‌కు జీఎల్-5. డిఫరెన్షియల్‌కు పట్టేది లీటరు నూనే. దానికోసం కక్కుర్తి పడితే పోయేది వేల డాలర్లు.

జత వీడితే అంతే

240 జడ్ డిఫరెన్షియల్ పేరు ఆర్180. క్రౌను వ్యాసం 180 మిల్లీమీటర్లు గనుక ఆ పేరు. అమెరికాకు పంపిన నాలుగు గేర్ల బళ్లలో క్రౌనుకు 37 పళ్లు, పినియన్‌కు 11. అంటే చక్రం ఒక్క చుట్టు తిరగాలంటే షాఫ్టు సుమారు 3.36 చుట్లు తిరగాలి. 37, 11 సంఖ్యలకు ఉమ్మడి భాజకం లేదు. అందువల్ల ప్రతి పన్నూ వంతులవారీగా ఎదుటి ప్రతి పన్నునూ కలుస్తుంది, అరుగుదల అంతటా సమంగా పంచుకుంటుంది. ఫ్యాక్టరీలో ఈ రెంటినీ జతగానే అమర్చారు. ఒకదాని క్రౌనుకు మరొకదాని పినియన్ తగిలిస్తే మూలుగుడే.

పళ్ల నడుమ ఉండవలసిన ప్లే 0.10 నుంచి 0.20 మిల్లీమీటర్లు. కాస్త అటూ ఇటూగా ఒకటి రెండు వెంట్రుకల మందం. తక్కువైతే వేడెక్కి పళ్లు కొరుక్కుంటాయి. ఎక్కువైతే దెబ్బలు తిని విరుగుతాయి. కొలవడానికి డయల్ గేజ్ ఉండాల్సిందే. చేతి అంచనా పనికిరాదు. పక్క బేరింగుల మూతల కింద పలుచని షిమ్‌లుంటాయి. ఒక వైపు తీసి రెండో వైపు వేస్తే క్రౌను పినియన్‌కు దగ్గరగానో, దూరంగానో జరుగుతుంది. తర్వాత పళ్లకు రంగు పూసి తిప్పుతారు. పూర్వం సీసపు సింధూరాన్ని నూనెలో కలిపి వాడేవారు. విషపదార్థం కావడంతో ఇప్పుడు వేరే పూతలు వచ్చాయి. ముద్ర పన్ను నడుమ పడితే సరిగా కూర్చున్నట్లు. అంచుకో, మొదలుకో జారితే షిమ్‌లు మార్చి మళ్లీ మొదటికి. ఒక రోజంతా దీనికే పోయినా ఆశ్చర్యం లేదు. ఓపిక లేనివారు ఈ పనికి దిగకపోవడమే బండికి మేలు.

గోళీల ఇరుసులు.. మీసం కడ్డీ

డిఫరెన్షియల్ వెనుక భాగాన్ని మోసే వంకర కడ్డీని అమెరికా అభిమానులు మీసం కడ్డీ అంటారు. చూస్తే ఆ పేరు ఎందుకు వచ్చిందో చెప్పక్కరలేదు. దాని రబ్బరు బుష్‌లు పోతే డిఫరెన్షియల్ ఊగుతుంది, కొత్తగా వేసిన క్రాస్ జాయింట్లూ త్వరగా పాడవుతాయి.

అర ఇరుసుల్లో ఒక విశేషం ఉంది. చక్రం ఊగినప్పుడు ఇరుసు పొడవు మారాలి. మామూలు గాడులైతే బరువు పడ్డప్పుడు బిగుసుకుంటాయని గాడుల మధ్య ఉక్కు గోళీలు పేర్చారు. విప్పేటప్పుడు ముందుగా రెండు ముక్కల మీదా గీతలు గీసి ఉంచుకోవాలి. తిరిగి కలిపేటప్పుడు రెండు చివరల కీళ్లు ఒకే వరుసలో రాకపోతే ఇరుసు అదురుతుంది. కీళ్లలోని క్రాస్‌లను బిగించే సర్క్లిప్‌లు వేర్వేరు మందాల్లో ఉంటాయి. నాలుగు వైపులా ప్లే లేకుండా, అలాగని బిగుసుకోకుండా చూసి ఎంచుకోవాలి. చక్రం వద్ద నట్టును 25 నుంచి 33 కిలోగ్రాం-మీటర్ల బిగువుకు బిగించి, అంచును గాడిలోకి నొక్కి వదలాలి. పాత నట్టు మళ్లీ వాడకూడదు.

మార్చడమా.. మరమ్మతా?

ఇంత తంటా ఎందుకని తర్వాతి 280 జడ్ కారుకు వచ్చిన అయిదు గేర్ల బాక్సును తెచ్చి బిగించేవారు చాలామంది. సుబారు సంస్థ ఎస్‌టీఐ కార్లలో ఇదే ఆర్180 కుటుంబపు డిఫరెన్షియల్‌ను 2021 వరకు వాడింది. వాటినీ తెచ్చి అమరుస్తున్నారు. రోజూ నడిపే బండికి ఇది తప్పు కాదు. హైవేపై అయిదో గేరు ఇచ్చే సుఖం వేరు. అయితే తీసిన పాత బాక్సును తుక్కుకు వేయడం మాత్రం సమంజసంగా తోచదు. నూనె పూసి, పెట్టెలో పెట్టి, బండితోపాటే ఉంచితే రేపు కొనేవారికి, బాగు చేసేవారికి దారి మిగులుతుంది. నిస్సాన్ సంస్థే 1990ల చివర అమెరికాలో పాత 240 జడ్‌లను కొని, కొత్తవాటిలా తీర్చి డీలర్ల ద్వారా అమ్మింది. ధర సుమారు 25 వేల డాలర్లు. తలపెట్టింది 200, పూర్తి చేసింది 40 లోపే. తయారుచేసిన కంపెనీకే అంత బరువైన పని ఇది.

అన్నీ బిగించాక తొలి 500 కిలోమీటర్లు నెమ్మదిగా నడిపి, రెండు నూనెలూ వేడిగా ఉన్నప్పుడే దింపాలి. గేర్‌బాక్సు నూనెలో బంగారు రంగు సన్నని పొడి మెరిస్తే కొత్త రింగులు కుదురుకుంటున్నట్లు. డిఫరెన్షియల్ నూనెలో అయస్కాంతం తిప్పి చూడాలి. బూడిదలాంటి మెత్తని పొడి అంటుకుంటే ఫరవాలేదు. వేలికి గరుకుగా తగిలే పలుకులు వస్తే మూత మళ్లీ తెరవాల్సిందే.