గీత కొసలు తాకితే సరిపోదు, కలవాలి



"బొమ్మ చక్కగానే వచ్చింది మేడమ్, కానీ త్రీడీ కావట్లేదంటున్నాడు. సాఫ్ట్‌వేర్ పాడైందా? కొత్త ల్యాప్‌టాప్ కొనాలా?" క్యాడ్ ప్రాజెక్ట్ ఇచ్చిన ప్రతి నెలా ఈ ప్రశ్న వస్తుంది. కొనక్కర్లేదండి. చాలాసార్లు ల్యాప్‌టాప్ బాగానే ఉంటుంది, సాఫ్ట్‌వేరూ బాగానే ఉంటుంది. బొమ్మలో ఎక్కడో ఒకచోట రెండు గీతలు కలవలేదు, అంతే.

మన పిల్లలు వాడుతున్నది ఫ్రీక్యాడ్. ఇది పూర్తిగా ఉచితం కాబట్టి ఇంట్లో కూడా పెట్టుకోవచ్చు. ఇందులో ముందు చదునైన బొమ్మ గీస్తారు, దాన్ని స్కెచ్ అంటారు. తర్వాత ప్యాడ్ అనే బటన్ నొక్కితే ఆ బొమ్మకు మందం వస్తుంది. పిల్లలు ఆగిపోయేది ఈ రెండింటి మధ్యలోనే.

మడిలో నీళ్లు నిలవాలంటే గట్టు చుట్టూ పూర్తిగా ఉండాలి. ఒక మూల చిన్న గండి పడినా నీళ్లు నిలవవు. ప్యాడ్ సంగతీ అంతే. గీతలన్నీ కలిసి చుట్టూ మూసుకుంటేనే ఏది లోపల, ఏది బయట అన్నది కంప్యూటర్‌కు తెలుస్తుంది. లోపలేదో తెలియనప్పుడు దేనికి మందం ఇవ్వాలి? అందుకే ఎర్రర్ చూపిస్తుంది.

చిక్కేమిటంటే ఆ గండి కంటికి కనిపించదు. 0.05 మిల్లీమీటర్ల ఖాళీ స్క్రీన్ మీద మనకు లేనట్టే ఉంటుంది. మౌస్ చక్రం తిప్పి ఆ మూలను బాగా పెద్దది చేస్తే బయటపడుతుంది. కొన్నిసార్లు దీనికి ఉల్టా జరుగుతుంది, గీత కొస పక్క గీతను దాటి పొడుచుకు వస్తుంది. ఇంకో రకం కూడా ఉంది. ఒకే గీతను తెలియకుండా రెండుసార్లు గీస్తారు, ఒకదాని మీద ఒకటి పడి ఉంటుంది. చూడటానికి ఒక్క గీతే కాబట్టి దీన్ని పట్టుకోవడమే అన్నిటికన్నా కష్టం.

కాగితం మీద గీసే అలవాటుతో పిల్లలు కొసను కొస పక్కన పెట్టి కలిపేశాననుకుంటారు. క్యాడ్‌లో కలపడం అంటే దగ్గరగా పెట్టడం కాదు. "ఇకమీదట ఈ రెండు కొసలూ ఒకే బిందువు" అని కంప్యూటర్‌కు ఒక షరతు పెట్టడం. ఆ షరతు పేరు కోయిన్సిడెంట్. కొత్త గీతను పాత గీత కొస దాకా తీసుకెళ్లి క్షణం ఆగితే ఆ కొస రంగు మారుతుంది, అప్పుడు క్లిక్ చేస్తే షరతు దానంతటదే పడుతుంది. తొందరపడితే పడదు. పడకపోయినా మళ్లీ గీయక్కర్లేదు. రెండు కొసలనూ ఎంచుకుని కోయిన్సిడెంట్ నొక్కితే చాలు. ఇలా షరతులు పెట్టి గీయడం కొత్తేమీ కాదు. 1963లో ఎంఐటీలో ఐవాన్ సదర్లాండ్ పీహెచ్‌డీ కోసం చేసిన స్కెచ్‌ప్యాడ్ ప్రోగ్రాంలోనే ఇది ఉంది.

షరతు లేకుండా కొసలు సరిగ్గా తాకి ఉంటే ప్యాడ్ ఒక్కోసారి పనిచేస్తుంది కూడా. నాకు ఎక్కువ భయం దానితోనే. రేపు ఏదో ఒక కొలత మార్చగానే గీతలు విడిపోతాయి, పిల్లలకేమో కారణం అంతుపట్టదు.

వంపుల దగ్గర ఇంకో మెట్టు ఉంది. తిన్నని గీత, వంపు ఒక బిందువు దగ్గర కలిసినా అక్కడ మూల తేలి ఉండవచ్చు. ప్రింట్ చేసిన ముక్కను వేలితో తడిమితే తెలుస్తుంది. వంపు నునుపుగా సాగాలంటే టాంజెంట్ షరతు కావాలి. పదో తరగతి లెక్కల్లోని స్పర్శరేఖే ఇది. తాకే బిందువు దగ్గర వ్యాసార్థానికి లంబంగా ఉండే గీత.

ఈ నెల ప్రాజెక్ట్ కీచైన్ బిళ్లనే చూడండి. పొడవు 50 మిల్లీమీటర్లు, వెడల్పు 20. రెండు తిన్నని గీతలు, రెండు చివర్లా రెండు అర్ధవృత్తాలు. ఒక్కో గీత నాలుగు రకాలుగా కదలగలదు, రెండు కొసలూ అటూ ఇటూ, పైకీ కిందికీ. ఒక్కో వంపుకు ఐదు: కేంద్రానికి రెండు, వ్యాసార్థం ఒకటి, రెండు కొసలకు రెండు. మొత్తం 18. నాలుగు మూలల్లో కోయిన్సిడెంట్ పెడితే మూలకు రెండు చొప్పున 8 పోయి 10 మిగులుతాయి. నాలుగు టాంజెంట్లకు ఇంకో 4 పోతే 6. రెండు వంపులూ సమానమంటే 5. ఒక గీత అడ్డంగా ఉండాలంటే 4. వ్యాసార్థం 10 అంటే 3. కేంద్రాల మధ్య దూరం 30 అంటే 2. ఒక కేంద్రాన్ని మూలబిందువు దగ్గర కట్టేస్తే సున్నా. అప్పుడు స్కెచ్ ఆకుపచ్చగా మారుతుంది. రెండో గీత కూడా అడ్డంగా ఉండాలని చెప్పబోతే మాత్రం ఫ్రీక్యాడ్ ఊరుకోదు. అది ముందే తేలిపోయిన విషయం కదా, అదనపు షరతని హెచ్చరిస్తుంది. ఇలాంటి ఆకారాన్ని నేరుగా గీసే టూల్ ఉందని పిల్లలకు తెలుసు. ఈ నెల మటుకు వద్దన్నాను.

ఇంట్లో మీరు చేయగలిగినదొకటి ఉంది, దానికి క్యాడ్ రానక్కర్లేదు. పిల్లలు ఆగిపోయినప్పుడు "ఆ మూలను పట్టుకుని లాగు, రెండో గీత వెంట వస్తోందా?" అని అడగండి. వస్తే కలిసినట్టు, రాకపోతే గండి అక్కడే. ఒక్కో మూలా అలా చూసుకుంటూ పోతే ఐదు నిమిషాల పని. తర్వాత కంట్రోల్, జెడ్ కలిపి నొక్కితే బొమ్మ మునుపటిలా అవుతుంది. దయచేసి మొత్తం చెరిపేసి మళ్లీ గీయమనకండి, మీరే కూర్చుని గీసిపెట్టకండి. రెండు గంటల పని ఒక్క మూల కోసం పోతే, "ఇది నా వల్ల కాదు" అని పిల్లలు తేల్చేసుకుంటారు. అది మాన్పించడానికి నాకు ఒక టర్మ్ పడుతుంది.

అప్పటికీ దొరక్కపోతే ఫైల్‌ను పెన్‌డ్రైవ్‌లో పంపండి, ల్యాబ్ పీరియడ్‌లో కలిసి వెతుకుతాం. స్క్రీన్ ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టకండి. ఫొటోలో గండి కనపడదు.