నూనె కలపొద్దు.. నూనె చూడాలి!
కొత్త మోపెడ్‌కు పాత అలవాటు చేటు.. ఇంటి దగ్గరే చేసుకోదగ్గ పనులివీ

కెలమంగలం: తెల్లారకముందే కెలమంగలం చుట్టుపక్కల పల్లెల నుంచి టమాటా బుట్టలు, పూల మూటలు, పాల క్యాన్లతో మోపెడ్లు రోడ్డెక్కుతాయి. కొన్ని రాయకోట మార్కెట్టుకు, కొన్ని హోసూరు ఉళవర్ సంతకు. వేళకు చేరితేనే సరుకుకు ధర. దారిలో బండి మొరాయిస్తే ఆ రోజు కష్టం గంగపాలే. అంత పొద్దున్నే మెకానిక్ దొరకడమూ కష్టమే. అందుకే బండికి సంబంధించిన నాలుగు పనులు నడిపేవారికే తెలిసుండాలి. వాటిలో మొదటిది ఆయిల్ సంగతి.

అలవాటే ముప్పు
ఈ ప్రాంతానికి మోపెడ్ పరాయిది కాదు. 1980లో హోసూరు ఫ్యాక్టరీ నుంచే టీవీఎస్ 50 బయటికొచ్చింది. దేశంలో ఇద్దరు కూర్చుని వెళ్లగల తొలి మోపెడ్ అదే. తర్వాత పేర్లెన్ని మారినా పల్లెల్లో అది ‘టీవీఎస్ ఫిఫ్టీ’యే. ఆ పాత బండ్లు టూస్ట్రోక్‌వి. పెట్రోలులోనే ఆయిల్ కలిపి పోయాలి. బంకులో ‘ఆయిల్ కలిపి పొయ్యన్నా’ అనడం ఏళ్ల తరబడి అలవాటైపోయింది.

2015లో వచ్చిన ఎక్స్‌ఎల్ 100 మాత్రం ఫోర్‌స్ట్రోక్. దీనికి ఇంజిన్ ఆయిల్ వేరుగా ఉంటుంది. పెట్రోలులో చుక్క కూడా కలపకూడదు. కలిపితే పొగ వస్తుంది, ప్లగ్గుకు మసి పడుతుంది. అంతకంటే పెద్ద ముప్పు ఇంజిన్ ఆయిల్‌ను మరిచిపోవడం. పాత బండికి పెట్రోలు పోసినప్పుడల్లా కొత్త ఆయిల్ అందేది. కొత్త బండిలో ఉన్న ఆయిలే మళ్లీ మళ్లీ తిరుగుతుంది. రాన్రానూ తగ్గుతుంది, పస పోతుంది. పట్టించుకోకపోతే పిస్టన్ పట్టేసి ఇంజిన్ జామ్ అవుతుంది. ఆయిల్ మార్పుకయ్యేది వందల్లోనే. ఇంజిన్ విప్పితే వేలల్లో మాట.

చూసేదిలా..
బండిని చదునైన చోట మెయిన్ స్టాండ్ వేయాలి. కాసేపు నడిపి, ఆపి, కొన్ని నిమిషాలు ఆగాలి. ఆయిల్ మూతకు కొలపుల్ల ఉంటే దాన్ని తుడిచి, మళ్లీ పెట్టి తీయాలి. ఆయిల్ రెండు గీతల మధ్య ఉండాలి. మూత బిగించి చూడాలా, ఊరికే ఆనించి చూడాలా అన్నది బండిని బట్టి మారుతుంది. మాన్యువల్‌లో ఉన్నట్టే చేయాలి. గేర్లు లేని స్కూటర్లకు వెనక చక్రం దగ్గర గేర్ ఆయిల్ వేరే ఉంటుంది. దాన్నీ మరవొద్దు.

ఇవీ మన చేతిలోవే
* ప్లగ్గు: చల్లారాకే విప్పాలి. కొన లేత గోధుమ రంగులో ఉంటే మంచిది. నల్లగా మసి పడితే శుభ్రం చేయాలి, అరిగితే మార్చాలి.
* ఎయిర్ ఫిల్టర్: మట్టి రోడ్లలో తిరిగే బండికి తొందరగా మూసుకుపోతుంది. కాగితం ఫిల్టర్‌ను నీళ్లలో కడగొద్దు.
* చైను: మధ్యలో వేలితో కదిపి చూడాలి. మరీ బిగువైనా, వేలాడినా ముప్పే. ఎంత వదులుండాలో మాన్యువల్‌లో ఉంటుంది.
* టైర్లు: గాలి వారానికోసారి చూడాలి. బరువేసే బండికి వెనక చక్రంలో తక్కువుంటే టైరు అరిగిపోతుంది, పెట్రోలూ ఎక్కువ తాగుతుంది.
* బ్రేకులు: పెడల్ లోతుగా దిగుతుంటే నట్టు బిగించుకోవచ్చు. బిగించాక చక్రం స్వేచ్ఛగా తిరగాలి. అప్పటికీ పట్టకపోతే బ్రేక్ షూ అరిగినట్టే.

వీటి జోలికెళ్లొద్దు
2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 నిబంధనలు వచ్చాయి. ఎక్స్‌ఎల్ 100కూ కార్బొరేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. పాత బండిలా స్క్రూ తిప్పి ట్యూనింగ్ చేద్దామంటే కుదరదు. ఆ పని, బ్రేక్ షూల మార్పు, ఇంజిన్ విప్పడం తెలిసిన మెకానిక్‌కే వదలాలి. వారంటీ ఉన్నంతకాలం కంపెనీ సర్వీసులు తప్పించొద్దు.

తీసేసిన ఆయిల్‌ను కాలువలోనో, గట్టు మీదో పారబోస్తే నేలా నీళ్లూ పాడవుతాయి. డబ్బాలో పట్టి, పాత ఆయిల్ తీసుకునే మెకానిక్ షాపులో ఇచ్చేయాలి. ఆయిల్ మార్చిన రోజు మీటరు అంకెను ఓ చీటీలో రాసుకుంటే మళ్లీ ఎప్పుడు మార్చాలో లెక్క తప్పదు. పాల లెక్క రాసే క్యాలెండరులోనే ఇంకో మూల ఈ లెక్క పెట్టుకుంటే చాలు.