వార్తల్లో పదం: ఎండోమెట్రియోసిస్

గర్భాశయం లోపలి పొరను పోలిన కణజాలం అండాశయాలు, పొత్తికడుపు పొర వంటి చోట్ల పెరగడమే ఎండోమెట్రియోసిస్. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన పునరుత్పత్తి వయసు స్త్రీలలో దాదాపు 10 శాతానికి, అంటే సుమారు 19 కోట్ల మందికి ఇది ఉంది. భరించలేని నెలసరి నొప్పి, లైంగిక కలయికలో లోతుగా పొడిచే నొప్పి దీని గుర్తులు. అయినా జబ్బు పేరు తెలిసేసరికే చాలామందికి ఏళ్లు గడిచిపోతాయి. ‘పెళ్లయితే సర్దుకుంటుంది, కాన్పయితే పోతుంది’ అంటారు. కలయికే నరకమైన మనిషికి పెళ్లిని మందుగా చెప్పడం ఎంత క్రూరం!

నొప్పి ఉందని చెప్పినప్పుడే చికిత్స మొదలవ్వాలి, శస్త్రచికిత్సతో రుజువయ్యే దాకా ఆగకూడదు. లాపరోస్కోపీ (పొట్టకు చిన్న గాటు పెట్టి కెమెరాతో చూసే శస్త్రచికిత్స) చేస్తేనే నిర్ధారణ అన్న పాత పట్టును యూరప్ నిపుణుల సంఘం ఎష్రే 2022 మార్గదర్శకాల్లో సడలించింది. రుజువు లేకుండా, ఈ జబ్బుకు వాడే హార్మోన్ మాత్రలిస్తే వేరే జబ్బు మరుగున పడదా? న్యాయమైన సందేహమే. అందుకే డాక్టరు పరీక్ష, అల్ట్రాసౌండ్, ఇన్‌ఫెక్షన్ ఉందేమో చూడటం ముందే జరగాలి. కానీ స్కానింగ్ బాగుందంటే జబ్బు లేదని కాదు. పొత్తికడుపు పొరపై ఉండే చిన్న మచ్చలు అందులో తరచూ కనిపించవు. మాత్రలొక్కటే చాలవు కూడా. నొప్పికి భయపడి భయపడి కటి కండరాలు బిగుసుకుపోతాయి. ఆపరేషన్ తర్వాతా కలయిక బాధగా మిగలడానికి ఇదొక కారణం. ఆ కండరాలను వదులు చేయడం నేర్పే ఫిజియోథెరపీ, భర్తనూ కూర్చోబెట్టి మాట్లాడే కౌన్సెలింగ్ చికిత్సలో భాగమే. పిల్లల కోసం ప్రయత్నిస్తున్నవారికి మాత్రం గర్భాన్ని ఆపే హార్మోన్ మాత్రలు కుదరవు. పిల్లల ఆలోచన ఉందా అన్నది మొదటి సంప్రదింపులోనే అడిగి తెలుసుకోవాల్సింది డాక్టరే.